అక్కను లేపండి

చనిపోయిన మా అక్కను మేము సినిమా తెరమీద మళ్లీ చూశాం. అదీ ఒక్కచోట కాదు. వరద వచ్చి ఊరు తుడిచిపెట్టుకుపోయిన సీను అది. బురదలో వందల శవాలు. కెమెరా వాటి మీదుగా మెల్లగా వెళ్తోంది. మొదట ఓ ముసలావిడ, తర్వాత గడ్డమున్న మనిషి, తర్వాత బడిపిల్ల. జుట్టు వేరు, ఒళ్లు వేరు, బట్టలు వేరు. కానీ ఎడమ భుజం లోపలికి మడిచి, చెంప నేలకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి పడుకున్న ఆ తీరు మాత్రం మా అక్కది. మాలాంటి గుంపు ఆర్టిస్టుల కోసమని స్టూడియోవాళ్లు విడుదలకి ముందే ఉచితంగా వేసిన ఆట అది. హాల్లో ఉన్న అందరం ఆ భుజాన్ని గుర్తుపట్టాం.

మా అమ్మ సీట్లోంచి లేచింది.

"దాన్ని లేపండి" అంది.

ఎవరో కూర్చోమన్నారు. అమ్మ వినలేదు. తడుముకుంటూ తెర దాకా వెళ్లింది. "ఇంతసేపు పడుకోబెట్టారు, ఒక్కరైనా చెయ్యి పట్టి లేపరేంరా! లేపండి దాన్ని!" అని తెర మీద అరచెయ్యి పెట్టింది. అక్క భుజం అమ్మ వేళ్ల మీదుగా జరిగిపోయింది. మళ్లీ ఇంకో అక్క వచ్చింది.

అమ్మ మాట మీకు అర్థం కావాలంటే మా పనేమిటో చెప్పాలి. సినిమాలో మీరు హీరోని చూస్తారు. హీరో వెనక సంతలో బేరమాడేది, యుద్ధంలో పరుగెత్తేది, రైలు దిగి సామాను మోసేది మేము. మాకు పేర్లు వెయ్యరు. మా అక్క ప్రత్యేకంగా శవం వేషానికి పెట్టింది పేరు. ఈగ వాలినా రెప్ప అదిరేది కాదు. సెట్లో అందరూ ఆమెను శవాలక్క అనేవారు. ఆ పిలుపుకి కోపం లేదు సరికదా, "ఇంకా పోలేదు, చెప్పండి" అని పలికేది. "నా దగ్గరికి చావొచ్చినా, ఇది షూటింగేలే అనుకుని వెనక్కి పోతుంది" అని అందరినీ నవ్వించేది.

మా పనిలో ఒక కట్టుబాటుంది. శవంగా పడుకున్న మనిషి తనంతట తాను లేవకూడదు. కట్ అనగానే పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టి లేపాలి. లేచిన మనిషి అందరికీ వినబడేలా నవ్వాలి. చూసినవాళ్లు ఇదేదో దిష్టి నమ్మకం అనుకుంటారు. కాదు. మా అమ్మ కూడా ఒకప్పుడు ఈ పనే చేసేది. ఆ రోజుల్లో ఓ యుద్ధం సీనులో ఒకాయన మిట్టమధ్యాహ్నం ఎండలో పడుకున్నాడు. కట్ అన్నారు, అందరూ అన్నాలకి పోయారు. ఆయన లేవలేదు. ఎంత బాగా చేస్తున్నాడో అని గుంపుని పనికి తెచ్చే మేస్త్రీ మెచ్చుకున్నాడట కూడా. తిని వచ్చాక తెలిసింది. అప్పట్నుంచి మా వాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు ఇది. పక్కవాడు బతికే ఉన్నాడా అని కంపెనీ చూడదు, మనమే చూసుకోవాలి అని.

ఇక ఆ వరద సినిమా తీసిన డైరెక్టరు సంగతి. కుర్రవాడు, మంచిగా మాట్లాడతాడు. అతన్ని రాక్షసుడని చెప్పను. పెద్ద సినిమా తియ్యాలని కలలు కన్నాడు. చేతిలో ఏఐ అనే కొత్త యంత్రం పడింది. ఓ వాక్యం టైపు చేస్తే కాసేపట్లో వీడియో చేసి పెడుతుంది. భోజనాల వేళ మాకే చూపించి మురిసిపోయేవాడు. మొదట్లో వచ్చిన బొమ్మలు చూసి మేమూ పగలబడి నవ్వాం. వరద గుట్ట ఎక్కి పారేది. మనిషి చేతికి ఆరు వేళ్లు. రోజురోజుకీ అవన్నీ సర్దుకున్నాయి గానీ, శవాలే అతన్ని ఏడిపించాయి. ఆ యంత్రానికి కదపడం వచ్చు, ఊరుకోవడం రాదు. చచ్చి పడున్నవాళ్లు ఊపిరి పీల్చేవాళ్లు, ఒత్తిగిల్లేవాళ్లు, ఒకడైతే లేచి కూర్చుని కెమెరా వంక చూశాడు. అప్పుడతను మా అక్కను పిలిపించాడు.

చుట్టూ దీపాలు, కెమెరాలు బిగించిన గది. మా అందర్నీ ఒక్కొక్కరినే లోపలికి పంపారు. నడవమన్నారు, ఏడవమన్నారు, పరుగెత్తమన్నారు. రెండింతల కూలి అన్నారు, ఎందుకో చెప్పలేదు. అక్కను మాత్రం పొద్దుగూకేదాకా పడుకోబెట్టారు. బయటికి వచ్చి నా పక్కన కూలబడింది.

"ఎవరూ లేపలేదే" అంది. "కెమెరా కుర్రాడు అయిపోయిందన్నాడు, అంతే. నేనే లేచొచ్చా. ఒక్కదాన్నే ఏం నవ్వను?"

ఆ తర్వాత మాకు పిలుపులు తగ్గాయి, ఆపైన ఆగిపోయాయి. వెళ్లి అడిగితే, గుంపు సీన్లన్నీ కంప్యూటర్లోనే అయిపోతున్నాయన్నారు. మా నడకలు, మా ఏడుపులు లోపల పనిచేస్తున్నాయి, మేము గేటు బయట నిలబడ్డాం. అక్క ఓ గోదాంలో పనికి కుదిరింది. రేకుల కప్పు, ఎండాకాలం. మనిషికో వరస, వరసకో టార్గెట్. పక్క వరసలోకి చూడ్డానికి ఎవరికీ తీరిక లేదు. అక్క పెట్టెల వెనక పడిపోయింది. షిఫ్టు మారేదాకా ఎవరూ చూడలేదు. ఆమెను లేపడానికి అక్కడ మా వాళ్లు లేరు. ఈసారి చావు షూటింగ్ అనుకోలేదు.

తెరమీద అక్కను చూసి వచ్చిన మర్నాడు సంఘం గదిలో మీటింగు పెట్టాం. కాలు పెట్టడానికి చోటు లేదు. లైట్ల బాబాయి మా సంఘానికి పెద్ద. ముప్పాతిక జీవితం దీపాలు మోసిన మనిషి.

"ఆ కంప్యూటర్లన్నీ పగలగొట్టాలి!" అని అరిచాడు గుర్రాల మామ. యుద్ధం సీన్లకి గుర్రాలు తెచ్చేవాడు. గుర్రాలు అమ్ముడైపోయాయి, పేరు మిగిలింది.

"పగలగొడితే ఇంకోటి కొంటారు" అంది బట్టలు కుట్టే పిన్ని. "ఎంతో కొంత అడిగి తీసుకుందాం. పోయిన పిల్ల ఎలాగూ రాదు."

"నీ కూతురైతే ఇలాగే అంటావా?" అన్నాడు మామ.

"నా కూతురు కూడా ఆ దీపాల గదిలోకి వెళ్లొచ్చిందిరా! రేపు అది తెరమీద ఏం చేస్తుందో అని నాకు నిద్ర పడుతోందా?" పిన్ని ఏడ్చేసింది.

బాబాయి లేచాడు. "కెమెరా కూడా యంత్రమే. దాని ముందే ఇన్నాళ్లు బతికాం. నా తగాదా యంత్రంతో కాదు, దాని వెనకున్న జేబుతో. మన ఒంటిని మనకి తెలియకుండా దాచిపెట్టుకుని, మన పొట్టే కొడుతున్నారు. అడగాల్సింది ఒకటే. పిల్లని అందులోంచి తియ్యాలి. ఇకమీదట ఎవరి ఒంటినైనా వాడాలంటే ప్రతిసారీ ఆ మనిషినే అడగాలి. వద్దంటే వద్దు. ఆ హక్కు వస్తే పనీ వస్తుంది."

కాదన్నవాళ్లు లేరు.

బాబాయి, నేను, ఇంకొందరం వెళ్లేసరికి డైరెక్టరు గదిలో మేనేజరు కూడా ఉన్నాడు. డైరెక్టరు మమ్మల్ని కూర్చోబెట్టాడు. "నాకూ బాధగానే ఉంది. కానీ నమ్మండి, ఇందులో మీ అక్క లేదు. ఉన్నవన్నీ అంకెలు."

"లేదంటున్నావుగా, తీసెయ్యి మరి" అన్నాడు బాబాయి.

డైరెక్టరు తెర వంక చూశాడు. "తీసేస్తే... శవాలన్నీ మళ్లీ కదులుతాయి."

"అంటే ఉన్నట్టేగా బాబూ."

మేనేజరు విసుక్కున్నాడు. "రేపోమాపో రిలీజు. పోయిన మనిషికి దీనివల్ల నష్టమేంటమ్మా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "బతికున్నప్పుడు పని లేదు పొమ్మన్నారు. చచ్చాక తీరిక లేకుండా చాకిరీ చేయిస్తున్నారు. సిగ్గు లేదూ?"

"మీరు రాకపోతే మాకేం ఆగదు" అన్నాడు మేనేజరు. "గుంపు కావాలంటే గుంపుని పుట్టిస్తాం."

"పుట్టించండి. అసలు గుంపు ఎలా ఉంటుందో రేపు గేటు దగ్గర చూద్దురు గాని" అని బాబాయి లేచాడు.

పొద్దున్నే స్టూడియో గేటు ముందు రోడ్డుకి అడ్డంగా పడుకున్నాం. సంతలో బేరమాడినవాళ్లు, యుద్ధంలో పడినవాళ్లు, దీపాలు మోసినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు. ఎవరూ ముందు అనుకోలేదు గానీ ఒకరిని చూసి ఒకరు ఎడమ భుజం లోపలికి మడిచారు. చెంపలు రోడ్డుకి ఆనించారు. నినాదం లేదు. హారన్లు మోగాయి, ఆగిపోయాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. మా అమ్మ గేటుకి అందరికంటే దగ్గరగా పడుకుంది. కంకర గుచ్చుకుంటుందని కొంగు మడిచి ఆమె చెంప కింద పెట్టాను. తీసేసింది.

పోలీసులు వచ్చారు. లెమ్మన్నారు. మేము శవాలం, ఎలా లేస్తాం? ఓ పోలీసు విసిగిపోయి గుర్రాల మామ రెక్క పట్టి లాగి నిలబెట్టాడు.

మామ నవ్వాడు.

కావాలని కాదు. చెయ్యి పట్టి లేపితే నవ్వే అలవాటు ఆ ఒంట్లో అన్నేళ్ల నుంచీ ఉంది. రోడ్డంతా వినబడేలా నవ్వాడు. పోలీసు తెల్లబోయి రెండోవాడిని లాగాడు. వాడూ నవ్వాడు. తర్వాత పిన్ని. నన్ను లాగినప్పుడు నవ్వాను, ఏడుపుతో ముక్కు కారిపోతుండగానే నవ్వాను. లాఠీ తగిలిన బాబాయి కూడా భుజం పట్టుకుని నవ్వాడు. మమ్మల్ని వ్యానుల్లోకి తోశారు. వ్యానుల్లోంచీ నవ్వులే.

చివరికి అమ్మ మిగిలింది. ఓ పోలీసమ్మాయి వంగి, పాపం నెమ్మదిగానే చెయ్యి చాచింది. "లే అమ్మా, నేను పట్టుకుంటా."

అమ్మ కళ్లు తెరవలేదు. "నాకంటే ముందు పడుకున్నది లోపల ఉంది తల్లీ. ముందు దాన్ని లేపి రా."

పోలీసమ్మాయి చెయ్యి అలాగే చాచి ఉంది. గేటు వెనక డైరెక్టరు నిలబడి చూస్తున్నాడు. అతని మనసులో ఏముందో నాకు తెలియదు, అతను గేటు మాత్రం తియ్యలేదు. నవ్వులు ఆగిపోయాయి. తలుపులింకా వెయ్యలేదు, మొదట గుర్రాల మామ వ్యాను దిగాడు. అరుస్తున్న పోలీసుల మధ్యలోంచి నడిచివెళ్లి అమ్మ పక్కన పడుకున్నాడు. తర్వాత పిన్ని దిగింది. తర్వాత అందరం దిగాం.

ఆ రోజు మమ్మల్ని లాకప్పులో పెట్టారు. సినిమా విడుదలైంది, బాగా ఆడుతోందట. మా అక్క ఇంకా ఆ బురదలోనే పడుకుని ఉంది, ఆటకి కొన్ని వందలసార్లు. బెయిలు మీద బయటికి వచ్చి మేము మళ్లీ గేటు దగ్గరికే వెళ్లాం. లాగితే నవ్వుతున్నాం, వదిలితే పడుకుంటున్నాం. గోదాం నుంచి కూడా కొందరు వచ్చారు. అక్క పక్క వరసలో పనిచేసిన మనిషి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చి, తర్వాత తనూ పడుకున్నాడు.

కూలి చేసుకునే అన్నలూ అక్కలూ, చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరెప్పుడైనా ఆ దారిన వస్తే జాలిపడి మాకు చెయ్యి అందించకండి. మా అమ్మ పక్కన ఇంకా చోటుంది.