ఇసుక తొడుగులు

పేలాలు వేయించే మంగలంలో ఇసుక చిటపటలాడటం మానేసిందంటే తడి పోయినట్టే. త్రిపుర గరిటెతో దాన్ని కిందికీ పైకీ తిప్పి, చిటికెడు తీసి మోచేతి వంపులో వేసుకుని చూసింది. చురుక్కుమంది. ఇంకా కాసేపు చల్లారాలి. మరీ వేడి మీద పోస్తే లోపలి గుడ్డ మాడుతుంది. మొన్నొక తొడుగుల జత అలాగే మాడింది. అరికాలు బొబ్బెక్కిందని అత్తగారు వీధి వీధంతా వినపడేట్టు తిట్టింది. కాలిందన్న కోపం కన్నా, కాళ్లకు ఏదో ఒకటి తెలిసిందన్న సంతోషమే ఆ తిట్లలో ఎక్కువగా ఉందని త్రిపురకు అనిపించింది.

త్రిపుర అసలు పేరు బాలత్రిపురసుందరి. పెళ్లి పీటల మీద పురోహితుడు ఒక్కసారి పలికాక ఆ పేరు మళ్లీ ఎవరికీ అవసరం రాలేదు. అత్తగారు బాలా అంటుంది. మొగుడు భావనారాయణ ఏమేవ్ అంటాడు. ఆమె పొట్టి మనిషి. నుదురు వెడల్పు. ఈ నెల రోజులుగా ఆమె కనుబొమల మీదా, చెవుల వెనకా, జడ పాయల్లోనూ బూరుగు దూది అంటుకునే ఉంటోంది. ఎంత దులుపుకున్నా పోదు. వడ్డించేటప్పుడు కంచంలో పడిందని భావనారాయణ విసుక్కుంటాడు, మళ్లీ తనే చిటికెన వేలితో తీసేసి తింటాడు.

వాళ్లది చల్లపల్లి దగ్గర నేతగాళ్ల పల్లె. యుద్ధం ముదిరి నూలు కంట్రోలు వచ్చాక ఊళ్లో మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి. భావనారాయణ తన మగ్గాన్ని ఏ కర్రకా కర్ర విప్పి, బందరు కాలవ పడవలో వేసుకుని, తల్లినీ పెళ్లాన్నీ వెంటబెట్టుకుని బెజవాడ చేరాడు. పట్నంలో నూలు దొరుకుతుందని ఆశ. దొరకలేదు. విప్పిన మగ్గం గోడకు ఆనించినది ఆనించినట్టే ఉండిపోయింది. అతను గవర్నర్‌పేటలో వెంకటప్పయ్యగారి బట్టల కొట్లో బేళ్లు మోసే పనికి కుదిరాడు. వాటిలో తను నేసినటువంటి చీరలు ఉన్నా తాడు విప్పి చూడటానికి వీల్లేదు.

ఈ తొడుగుల సంగతి మోసుకొచ్చింది వెంకటప్పయ్యగారే. తూర్పున మంచు కొండల్లో కాపలా కాసే సిపాయిలకు వేళ్లు చలికి నల్లబడి ఊడిపోతున్నాయట. ఓడల్లో రావలసిన ఉన్ని సరుకు రావటం లేదట. ఇక్కడ దొరికే వాటితోనే చేతులకూ కాళ్లకూ వెచ్చటి తొడుగులు ఎవరైనా తయారు చేస్తే మిలిటరీ వాళ్లు కంట్రాక్టు ఇస్తారట, పైబట్ట నేయడానికి నూలు కూడా వాళ్లే ఇప్పిస్తారట. ఆ రాత్రి భావనారాయణ అన్నం ముందు కూర్చుని తినకుండా గోడకు ఆనించిన మగ్గం వైపు చూశాడు. త్రిపుర అది చూసింది. మర్నాడే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బూరుగు దూది దిండును కోసేసింది.

మొదటి జతలో దూది అంతా వేళ్ల కొసలకు జారి ముద్ద కట్టింది. రెండో జతకు గళ్లు గళ్లుగా కుట్లు వేసింది, కుట్టు పడ్డ చోటల్లా చలి దూరింది. అప్పుడామె రెండు పొరలుగా కుట్టి, కింది పొర కుట్టు మీద పై పొర దూది వచ్చేట్టు తప్పించి వేసింది. అదీ చాలలేదు. ఒకరోజు పేలాలు వేయిస్తుంటే, పొయ్యి మీంచి దించిన ఎంతసేపటికీ మంగలంలో ఇసుక చల్లారలేదు. అప్పుడు తట్టింది. అరికాలి కిందా, అరచెయ్యి వెనకా ఒక్కో సంచి అర పెట్టి, వేడి ఇసుక పోసి మూతి కుట్టేస్తే? ఇసుక లేని దేశం ఉండదు కదా, సిపాయిలు చలిమంటలో కాచుకుంటారు.

పక్కింటి శౌరమ్మ ఆస్పత్రిలో బట్టలు ఉతికే మనిషి. చర్చి ఆవరణలో బూరుగు చెట్టు కింద రాలిన కాయలు గోతాంలో వేసి తెచ్చి ఇచ్చేది ఆమే. ఇచ్చిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి నవ్వేది. "ఈ ఎండలో చలి తొడుగులు కుడుతున్నావని తెలిస్తే మీ కొండ మీద అమ్మవారు కూడా నవ్వుద్ది వదినా."

నిజమే. బెజవాడలో చలికాలమంటే రాత్రుళ్లు అరుగు మీద దుప్పటి కప్పుకోవడమే. ఇలాంటి ఊళ్లో తొడుగు వెచ్చగా ఉందో లేదో ఎవరి కాళ్లకు వేసి చూడాలి? ఆ వీధిలో చల్లటి కాళ్లు ఒక్క అత్తగారు వెంకటరావమ్మవే.

అత్తగారు ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి తెల్లవారకముందే వీధిలో నిలువు పోగుల పడుగు సాచి గంజి పెట్టిన మనిషి. ఎండ ఎక్కితే గంజి అట్ట కడుతుంది కాబట్టి మంచు కురుస్తుండగానే కుంచె పట్టాలి. చేతులు పులిసిన గంజిలో, కాళ్లు తడిసిన మట్టిలో. అలా ఏళ్ల తరబడి చేరిన చలి ఇక తిరిగి పోలేదు. ఆమె వేళ్లు ఎండిన అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయి, గోళ్లు నీలంగా ఉంటాయి. మండువేసవిలో కూడా ఆమె కాళ్లు పట్టుకుంటే కుండ అడుగు పట్టుకున్నట్టుండేది.

ఆ కాళ్ల వల్ల ఇంట్లో ఎన్ని అల్లర్లో. ముసలివాళ్లకు జబ్బు చేస్తే ఆ ఇంట్లో ఎవరూ ముఖం చూడరు, కాళ్లు ముట్టుకుంటారు. పాదాలు చల్లబడి ఆ చల్లదనం పైకి పాకుతోందంటే నోట్లో ఆఖరి నీళ్లు పోయడానికి కొడుకును పిలవాల్సిన వేళ అయిందన్నమాట. మామగారి విషయంలో అలాగే తెలిసింది, ఏ లోటూ లేకుండా అన్నీ సక్రమంగా జరిగాయి. అత్తగారికి జ్వరం వచ్చినప్పుడు కూడా ఆ లెక్కనే కంగారుపడి భావనారాయణను మగ్గం మీద నుంచి లేపుకొచ్చారు. అతను మగ్గం గుంట లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ లేచి కూర్చుని చారన్నం అడుగుతోంది. "నా కాళ్లను నమ్మి నన్ను పాడెక్కిస్తారే మీరు," అని ఆ పూటంతా దెప్పింది.

ఇవాళ వెంకటప్పయ్యగారు వస్తున్నారు. మిలిటరీ దొర రేపు మెయిల్లో మద్రాసు వెళ్లిపోతున్నాడు, ఆయనకు చూపించేది ఏదైనా ఉంటే ఈ సాయంత్రమే కావాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇసుక పోసి కట్టండి, దీపాల వేళకు నేనొచ్చి చెయ్యి పెట్టి చూస్తాను, ఆ వేడి అప్పటి దాకా నిలవాలి, మధ్యలో విప్పకూడదు, మళ్లీ పోయకూడదు అని కబురు పంపారు. కాపలా కాసే సిపాయికి మధ్యలో విప్పుకునే తీరిక ఉండదట.

త్రిపుర అత్తగారికి గంజన్నం తినిపించి, మూతి తుడిచి, ఇసుక పోసిన తొడుగులు ముందు కాళ్లకు వేసింది. తర్వాత చేతులకు. వేళ్లకు వేరువేరు గదులు లేకుండా మొత్తం చెయ్యి ఒక సంచిలో పోయేట్టు కుట్టినవి అవి. మణికట్టు దగ్గర తాళ్లు బిగించి కట్టింది. ముసలావిడ రెండు చేతులూ ఎత్తి చూసుకుంది.

"పటాలానికి పంపుతున్నావటే నన్ను?"

"నువ్వెళితే యుద్ధం ఒక్క పూటలో అయిపోద్దిలే అత్తయ్యా."

"ముక్కు మీద ఈగ వాలితే ఎట్టాగే?"

"తల ఊపు. సాయంత్రం దాకా ఓర్చుకో. ఆయన చూసి సరేనంటే మీ అబ్బాయి మళ్లీ మగ్గం ఎక్కుతాడు."

ఆ మాట విన్నాక ముసలావిడ చేతులు కిందికి దించింది. దుప్పటి గుండెల దాకా లాగమంది. కాసేపటికి కళ్లు మూసుకునే, "వెచ్చగా ఉందే," అంది. అదేదో తప్పు ఒప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అంది.

త్రిపుర అరుగు మీద కూర్చుని ఇంకో జత కుట్టసాగింది. వీధిలో ఎండ పచ్చగా ఉంది. సూది గుచ్చుతున్నంతసేపూ ఆమె మగ్గం ఎక్కడ దింపాలా అని ఆలోచించింది. ముందు గది నేల గట్టిది, గుంట తవ్వాలంటే ఇంటివాళ్లను అడగాలి. పొద్దున్నే పడుగు సాచడానికి వీధి చాలదేమో. ఒకసారి లోపలి నుంచి బాలా అన్నట్టు వినపడింది. వస్తున్నానని పలికి, కుట్టు ముగించి దారం కొరికి లోపలికి వెళ్లేసరికి అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి అంచు ఎత్తి తొడుగు లోపలికి రెండు వేళ్లు దూర్చి చూసింది. పాదం గోరువెచ్చగా ఉంది.

త్రిపురకు ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ కాళ్లు వెచ్చగా ఉండగా ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. వెచ్చబడేసరికి నిద్ర పట్టేసిందనుకుంది. పగలు కన్ను మూయని మనిషి. శౌరమ్మ పని నుంచి వస్తూ గుమ్మంలోంచి కేకేస్తే నోటి మీద వేలు పెట్టి ఆపింది. ఆ తర్వాత కూడా మధ్యమధ్య లేచి వెళ్లి పాదాలు ముట్టుకుని, సంతోషంగా తిరిగొచ్చి కూర్చుంది.

దీపం వెలిగించి గూట్లో పెట్టి, బియ్యం ఏరుతుండగా వెంకటప్పయ్యగారు వచ్చారు. భారీ మనిషి, గుమ్మంలో తల వంచి లోపలికి అడుగుపెట్టారు. వెనకే భావనారాయణ, భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని. అతని కళ్లు ఎవరినీ చూడటం లేదు.

వెంకటప్పయ్యగారు మంచం కాళ్ల వైపు నిలబడి, ఉత్తరీయం వెనక్కి వేసుకుని, తొడుగు లోపలికి చెయ్యి పెట్టారు. చాలాసేపు అలాగే ఉంచారు. రెండో కాలి దగ్గర కూడా చూశారు. చెయ్యి తీసి తన బుగ్గకు ఆనించుకున్నారు.

"ఏమోననుకున్నా అమ్మాయ్. ఉంది. మధ్యాహ్నం పోసిందేనా?"

"మధ్యాహ్నం పోసిందేనండి. మళ్లీ ముట్టుకోలేదు."

ఆయన నవ్వారు. దొర చేత రేపే సరేననిపిస్తానన్నారు. నూలు బేళ్లు తన కొట్టుకే వస్తాయని, పైబట్ట మొత్తం భావనారాయణ మగ్గం మీదే దిగాలని, ఈ వీధిలో కుట్టడం వచ్చిన ఆడవాళ్లను ఎంతమందినైనా పిలుచుకోమని అన్నారు. భావనారాయణ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తుడుచుకుంటూ అలాగే ఉండిపోయాడు. ముసలావిడను కూడా పలకరించాలనిపించి వెంకటప్పయ్యగారు, "మామ్మగారూ, మీ కాళ్లు మెయిలెక్కుతున్నాయి," అన్నారు. నిద్రపోతోందండి అంది త్రిపుర.

"పోనీ లేపకు. మెల్లిగా ఊడదీసివ్వు, పట్టుకెళతాను."

త్రిపుర మంచం దగ్గర కూర్చుని దుప్పటి పైకి తీసింది. ఎడమ కాలి తాడు విప్పింది. పాదం ఒక చేత్తో పట్టుకుని తొడుగు లాగడానికి, రెండో చెయ్యి పిక్క కింద వేసింది.

పాదం వెచ్చగా ఉంది. పిక్క రాయిలా చల్లగా ఉంది.

ఆమెకు మొదట అర్థం కాలేదు. చెయ్యి మోకాలి దాకా జరిపింది. చల్లగా ఉంది. పైకి జరిపింది. చల్లదనం ఎప్పుడూ పాదాల దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది, అందరికీ తెలుసు. ఇది పై నుంచి దిగి వచ్చి, తొడుగు అంచు దగ్గర ఆగిపోయింది.

"ఏమేవ్," అన్నాడు భావనారాయణ.

ఆమె అత్తగారి భుజం పట్టి ఇటు తిప్పింది. భుజం ఒక్కటే రాలేదు, మనిషి మొత్తం ఒక కర్రలా తిరిగింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. వెంకటప్పయ్యగారు ఇందాక బుగ్గకు ఆనించుకున్న చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి అరుగు మీదికి వెళ్లిపోయారు. భావనారాయణ అమ్మా అని పిలిచాడు. రెండోసారి ఇంకా నెమ్మదిగా పిలిచాడు. తర్వాత కిందికి వంగి, తాడు ఇంకా విప్పని కుడి పాదం పట్టుకున్నాడు. అది వెచ్చగా ఉండటంతో పెళ్లాం ముఖంలోకి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అయినా అతను ఆ పాదం వదల్లేదు.

శౌరమ్మ వచ్చింది. కనురెప్పలు మూసి, దవడ కింద గుడ్డ కట్టింది. మధ్యాహ్నమే పోయిందని, పొద్దు వాలకముందే పోయిందని చెప్పింది. ఒక్క చుక్క నీళ్లయినా నోట్లో పోశారా అని ఆమె అడిగింది. భావనారాయణ అప్పుడు పాదం వదిలాడు.

అరుగు మీది నుంచి వెంకటప్పయ్యగారు భావనారాయణను పిలిచి చాలాసేపు లోగొంతుకతో చెప్పారు. దొర రేపు పోతే మళ్లీ రాడు. అక్కడ ఎవరికీ తెలియదు. నీళ్లు చిలకరించి ఒక గుడ్డలో చుట్టి ఇస్తే చాలు. ఆయన చెడ్డ మనిషి కాదు. భావనారాయణ లోపలికొచ్చి తల్లి కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

త్రిపుర కాళ్ల తొడుగులు రెండూ తీసింది. పెరట్లోకి తీసుకెళ్లి అరల మూతులు విప్పి ఇసుక నేల మీద పోసింది. తొడుగుల మీద నీళ్లు చల్లి, ఉతికిన పంచెలో మూట కట్టి మొగుడి చేతికిచ్చింది. తర్వాత చేతుల తొడుగుల కోసం మంచం పక్కన కూర్చుంది.

కుడి మణికట్టు దగ్గర తాడు చుట్టూ గుడ్డ తడిసి ఉంది. పైబట్ట చిరిగి దూది బయటికి వచ్చింది. అలవాటు కొద్దీ తను వేసింది పోగు తెగినప్పుడు వేసే నేత ముడి. లాగిన కొద్దీ బిగుస్తుంది. పళ్లు లేని చిగుళ్లతో అత్తగారు ఎంతసేపు పీకిందో, ముడి గింజంత అయి బిగుసుకుపోయింది. త్రిపుర గోళ్లతో విప్పబోయింది. రాలేదు.

"అవి కూడా ఇస్తావా?" అన్నాడు భావనారాయణ గుమ్మంలోంచి.

"చేతులవి ఇవ్వనని చెప్పు." ఆమె గోళ్లు ఇంకా ముడి మీదే ఉన్నాయి. "అవి మళ్లీ కుట్టాలి. వేసుకున్నవాళ్లు వాళ్లంతట వాళ్లు విప్పుకోలేరు."

అతను వెళ్లి ఆ మాటే చెప్పాడు. వెంకటప్పయ్యగారు అడుగులు వేసుకుంటూ వీధి చివరికి పోవడం వినపడింది. శౌరమ్మ చాప పరచడానికి చోటు చేస్తూ, మంచం పక్కనున్న ముక్కాలిపీట కాస్త జరపమంది.

పీట మీద ఇత్తడి గ్లాసు ఉంది. మధ్యాహ్నం తొడుగులు కట్టడం అయ్యాక, అత్తగారికి దాహమైతే తాగుతుందని త్రిపురే నింపి పెట్టింది. గ్లాసు అంచుదాకా నిండుగా ఉంది. నీళ్ల మీద సన్నటి బూరుగు దూది పోగొకటి తేలుతోంది.