రజని పక్కన ఖాళీ జాగా

అబిడ్స్‌లోని పాత చర్చిలో పొద్దున పదిన్నరకు సుగుణమణి నేల తుడుస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. బెంచీల కింద ఊడ్చి, బకెట్లో ఫినాయిల్ కలిపి, గుమ్మం నుంచి బలిపీఠం దాకా తడిగుడ్డ వేస్తుంది. నేల తడవగానే ఎప్పుడో ఆ దారిన నడిచినవాళ్ల అడుగులు పైకి తేలతాయి. ఎవరికి వాళ్ల మనుషుల అడుగులే కనబడతాయి. తడి ఆరితే పోతాయి. ఊళ్లు తిరిగేవాళ్లు రంగుటద్దాల కిటికీలను చూసినట్టే వాటినీ చూసి, కాసేపు నిలబడి వెళ్తారు. "పదిన్నరకు రాండ్రి, అప్పుడైతే తడి ఉంటది" అని వాచ్‌మన్ ఫోన్లో చెబుతుంటాడు.

ఆ మంగళవారం జనగామ నుంచి బాలరాజు, సమ్మక్క వచ్చారు. బాలరాజు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఏ ఊరికి బస్సు తోలినా, టీ తాగే టైములో అక్కడి పాత గుడో, దర్గానో, కూలిన కోటగోడో చూసి రావడం అతని అలవాటు. తిరుపతి పోదామని నాంపల్లి స్టేషన్‌కు వస్తే రైలు ఐదు గంటలు లేటన్నారు. ఇద్దరూ యూసుఫైన్ దర్గాకు పోయి మొక్కుకున్నారు.

"అబిడ్స్‌ల పాత చర్చి ఉన్నదట. చూసొద్దమా?" అంది సమ్మక్క.

"ఔ, పా."

తొమ్మిదేళ్ల కింద ఒక పెళ్లికార్డు మీద ఆమె ఆ చర్చి పేరు చదివింది. బాలరాజు మాత్రం ఆ కార్డును చూడకుండానే పొయ్యిలో పెట్టాడు. కూతురు రజని, రిచర్డ్ అనే అబ్బాయిని చేసుకుంటానంటే "నాకు బిడ్డె లేదు" అన్నాడు. అన్నమాట మీదే ఉన్నాడు.

చెప్పులు మెట్ల దగ్గర విడిచి లోపలికొచ్చారు.

"జర పక్కనుంచి నడువుండ్రి, జారుతది," అంది సుగుణమణి గుడ్డ పిండుతూ.

పైకప్పు దూలాలు చూస్తున్న బాలరాజు కిందికి చూశాడు. బెంచీల నడుమ ఒక ఆడమనిషి అడుగులు. ఎడమ కాలికి చిటికెనవేలు లేదు.

రజనికి ఆరేళ్లప్పుడు ఎడ్లబండి చక్రం ఆ వేలిని నలిపేసింది. నెత్తురోడుతున్న పిల్లను భుజాన వేసుకొని దవాఖాన దాకా ఉరికింది తనే.

"నా బిడ్డయి," అన్నాడు.

అడుగులు దారికి నడిమిన లేవు. ఎడమకు జరిగి నడిచింది. కుడిపక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలింది. సగం దూరంలో ఆగి, గుమ్మం వైపు తిరిగింది. చాలాసేపు నిలబడ్డట్టుంది, అక్కడ ముద్ర గాఢంగా పడింది. తర్వాత మళ్లీ ముందుకు.

"పక్కన ఎవరూ లేరేంది?"

"మా పెండ్లిళ్లల్ల తండ్రే చెయ్యి పట్టుకొని బిడ్డను తోల్కొస్తడన్నా," అంది సుగుణమణి. "తండ్రి లేకుంటే ఇంకెవరన్న పెద్దమనిషి వస్తడు."

"రిచర్డ్ పెదనాయిన వస్తనన్నడట," అంది సమ్మక్క. "మా నాయిన జాగ అది, గట్లనే ఉండనీయిండ్రి అన్నదట."

బాలరాజు గుమ్మం వైపు చూశాడు. ఫ్యాను గాలికి గుమ్మం దగ్గరి అడుగులు ఆరిపోతున్నాయి.

"అక్కా, జర ఇంకోపారి గుడ్డ ఎయ్యవా?"

సుగుణమణి మళ్లీ మొదటి నుంచి తుడిచింది. అతను గుమ్మం దాకా వెనక్కి పోయి, ప్యాంటు అంచులు పైకి మడిచి, ఆ ఖాళీలో కాలు పెట్టాడు. బిడ్డ అడుగుకో అడుగు వేస్తూ నడిచాడు. ఎడమ చెయ్యి, ఎవరో పట్టుకున్నట్టు, మడిచే ఉంచాడు. ఆమె ఆగినచోట తనూ ఆగాడు. బలిపీఠం దాకా పోయి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

కొంతసేపటికి కండువాతో మొహం తుడుచుకొని, "ఫోన్ చెయ్యవే," అన్నాడు భార్యతో. "రోజూ మాట్లాడుతవని నాకెరుకే."

చాదర్‌ఘాట్ నుంచి అరగంటలో స్కూటర్ వచ్చింది. రజని గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు, హెల్మెట్ చేతిలో పట్టుకొని ఆమె వెనక రిచర్డ్.

బాలరాజు వాళ్ల దగ్గరికి నడిచాడు. కూతురి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకొని, రిచర్డ్‌కు బలిపీఠం వైపు చూపించాడు.

"అల్లుడా, నువ్వు వొయ్యి గాడ నిలబడు. నేను తోల్కొస్త."