టైపు మిషన్ల ఇలారియె

పెట్రోలులో ముంచిన బ్రష్షుతో ఇలారియె టైపు మిషన్ అక్షరాలను తుడుస్తూనే ఉన్నాడు. అది అప్పటికే తళతళలాడుతోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. మునివేళ్లకు పట్టిన సిరా నలుపు ఎన్ని సబ్బులు అరగదీసినా వదల్లేదు. పాత పోలీసు ఫైళ్లు తవ్వుతున్న కమిషన్ నుంచి నోటీసు వచ్చిన ఈ పదిరోజులుగా లిఫ్టు ఆగిన చప్పుడైతే చాలు, తలుపుకేసి చూస్తున్నాడు.

"ఇంకెంత తోముతావయ్యా, దాని మీద అట్లు పోస్తావా?" అంది భార్య అగ్లాయా. "పదకొండింటికి రమ్మన్నారు. కమిషన్ వాళ్లేం నిన్ను తినరులే. నీ ఒంట్లో మాంసమెక్కడుంది?"

అతను లేచి కోటు తొడుక్కున్నాడు. గుండీ కాజాలోకి పోకపోతే ఆమే పెట్టింది.

కమ్యూనిస్టుల కాలంలో టైపు మిషన్ ఉన్నవాళ్లంతా ఏటా దాన్ని మోసుకుని ఠాణాకు రావాల్సిందే. ఒక్కోదాని మీద ఒక పేజీ కొట్టి, రేపు ఏ కాగితం ఎవరు కొట్టారో పట్టుకునేందుకు నమూనా దాచడం అక్కడ మెకానిక్ ఇలారియె పని. క్లుజ్ ఊళ్లో ఏ మిషన్ అక్షరాలకు ఏ వంకరుందో అతనికి కంఠతా వచ్చు. ఎనభై ఆరులో ఒక అధికారి, రొట్టె దొరకడం లేదని ఎవరో కొట్టిన కరపత్రం అతని బల్ల మీద పెట్టాడు. ఇంకా ఏమీ అడగనేలేదు.

"సెవెర్ మాస్టారి మిషన్. ఆ 'R' అక్షరం కాలు విరిగితే నేనే అతికాను," అనేశాడు ఇలారియె.

మాస్టారు జైలు నుంచి తిరిగి రాలేదు. తాను పట్టిచ్చిన సంగతి ఇలారియె అగ్లాయాకు కూడా చెప్పలేదు.

కమిషన్ గదిలో విచారణాధికారి డోయినాతోపాటు మాస్టారి కూతురు కూర్చుని ఉంది. అచ్చం మాస్టారివే ఆ కనుబొమలని ఇలారియె చూడగానే గుర్తుపట్టాడు.

"మిమ్మల్ని బెదిరించారా, తాతగారూ?" అంది డోయినా మెత్తగా. "చాలామందిని బెదిరించారు."

ట్రాములో దారంతా అతను వల్లె వేసుకున్నది ఆ ఒక్క 'అవును'నే.

"లేదమ్మా. అడక్కముందే చెప్పాను. చూడగానే పట్టేశానని గొప్పగా అనిపించింది. ఆయనకేమవుతుందో ఇంటికెళ్లాక తోచింది."

కూతురు కిటికీకేసి తిరిగింది. "నాన్న మిమ్మల్ని మంచి పనివాడనేవారు," అంది.

వాంగ్మూలం కింద సంతకం చేశాడు. నకలు ఇస్తామన్నారు, వసారాలో కూర్చోమన్నారు. టోపీ తీసి పక్కన పెట్టుకుని గోడకు తల ఆనించాడు.

డోయినా నకలు తెచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం తట్టి చూసింది. ఊపిరి లేదు, ఒళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

అతన్ని తీసుకెళ్లాక బెంచీ మీద టోపీ ఒక్కటే మిగిలింది. అందులో, ఇంకా చిల్లు పడని తిరుగు ట్రాము టిక్కెట్టు.