ఆయన నాలుక

“పళ్లు తర్వాత తోముకుందువుగానీ, ముందు ఇది చూడు” అంటూ మా ఆయన పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, తువ్వాల్లో చుట్టిన సీసా గట్టు మీద పెడతాడు. నోట్లో పేస్టు వాసన ఉంటే వైన్ రుచి తెలియదట. ఆ సంగతి కనిపెట్టి ఆయనకి చెప్పింది నేనే, ఇప్పుడు నాకే పాఠం చెబుతాడు. ఒకపక్క పాలు పొంగడానికి సిద్ధంగా ఉంటాయి, ఇంకోపక్క నిన్నటి గిన్నెలు సింకులో నానుతుంటాయి. స్టవ్వు తగ్గించి, ఒక్క గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంటాను.

ఇక అప్పుడు వంటిల్లు ఉండదు. ముందు చల్లదనం పంటికి తగిలి జివ్వుమంటుంది. తర్వాత పచ్చి ఆపిల్ కొరికినప్పటి పులుపు. ఆ పులుపు వెనకాల నెమ్మదిగా ఒక కొండవాలు వస్తుంది. ఏటి మీంచి లేచిన మంచు పదింటిదాకా ద్రాక్షతీగల మధ్య బద్ధకంగా పడుకుని ఉంటుంది. మంచు విడిచాక ఎండకి తెల్లటి సుద్దరాళ్లు వేడెక్కుతాయి, చల్లగాలి తిరిగినా ఆ వేడిని తీగల మొదళ్ల దగ్గరే దాచిపెడతాయి. అందుకే అక్కడి ద్రాక్ష పండుతుంది గానీ మెత్తబడదు. వరసల మధ్య నేను ఒట్టికాళ్లతో నడుస్తుంటాను, వెనకనుంచి ఎవరూ పిలవరు. ఇదంతా కళ్లతో చూసింది కాదు సుమా. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఆయన పనిచేసే ద్రాక్షతోట మా ఇంటికి అరగంట దూరం, ఒక్కసారి తీసుకెళ్లమంటే “అక్కడ నీకేం పని?” అన్నాడు. ఆయన అప్పుడొకటీ ఇప్పుడొకటీ చెప్పిన ముక్కలూ, నా నాలుక చెప్పిన మిగతా సగమూ కలిపి నేను కట్టుకున్న కొండ అది.

తర్వాత సింకులో ఉమ్మేస్తాను. తాగేస్తే రెండో సీసాకి నాలుక మొద్దుబారుతుంది. మొదట్లో ఆ చప్పుడు విని మా అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, వేవిళ్లా అమ్మా అని ఎంతో ఆశగా అడిగింది. కాదన్నానని వారంరోజులు ముఖం మాడ్చుకుంది.

మూడేళ్ల కిందట వచ్చిన జ్వరం పోతూపోతూ మా ఆయన ముక్కుకి వాసన లేకుండా చేసి పోయింది. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతున్నా తెలిసేది కాదు. వైన్ రుచి చూడడమే ఉద్యోగమైన మనిషికి వాసన పోవడమంటే డ్రైవరుకి కళ్లు పోవడమే కదా. మంచం అంచున కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను చూడలేకపోయాను. శాంపిల్ ఇంటికి తెండి, నేను చూసి చెబుతానని నేనే అన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అలా నేను చెప్పడం, ఆయన చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలైంది. సున్నం కొట్టిన గోడమీద తొలి చినుకు పడ్డట్టు అని ఓరోజు గిన్నె తోముతూ అన్నాను. ఏడాది తిరిగేసరికి ఆ మాట సీసా మీద అచ్చయింది, కింద ఆయన పేరు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అత్తయ్య అది చదివి వినిపించి, మావాడి నాలుక బంగారం అని మురిసిపోతుంది. అదే నోటితో, కూరలో ఉప్పుందో లేదో చూసుకోవా, నీకసలు నాలుకుందా అని నన్నంటుంది. మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుకుంటాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని కూడా ఆవిడే అంటుంది. పాపం, ఏం నానుతోందో ఆవిడకేం తెలుసు.

ఈసారి తోట ఓనరు కొత్త పద్ధతి పెట్టాడు. శాంపిళ్లు బయటికి పోకూడదు, సీసాల్లో నింపేముందు తన ఎదుటే రుచి చూసి తేల్చాలి. మా ఆయనకి ముచ్చెమటలు పోశాయి. మా ఆవిడ తోట చూస్తానని సరదా పడుతోందండీ అని చెప్పి నన్ను వెంటపెట్టుకెళ్లాడు. దార్లో గుర్తు నేర్పాడు. వైన్ బాగుంటే ఒకసారి దగ్గాలి, లేకపోతే ఊరుకోవాలి. తోట దగ్గర కారు ఆపలేదు, నేరుగా వైన్ తయారుచేసే షెడ్డుకే పోనిచ్చాడు.

పొడుగాటి బల్ల, తెల్లగుడ్డ, ఒక్కొక్కరి ముందు నాలుగేసి గ్లాసులు. మర్యాదకి నాకూ పెట్టారు. ఓనరు పక్కన ల్యాబ్‌లో పనిచేసే మేడమ్ కాగితాలు పట్టుకుని కూర్చుంది. మొదటి గ్లాసుకి దగ్గాను, ఆయన మెచ్చుకున్నాడు. రెండోదానికి ఊరుకున్నాను, ఇంకో నెల ఆగాలన్నాడు. మూడోది ముక్కు దగ్గరికి తెచ్చానో లేదో, పిండకుండా మూల పడేసిన తడిగుడ్డ కంపు గుప్పున కొట్టింది. నిజం దగ్గే వచ్చింది. ఒకటి కాదు, నాలుగైదు. కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. పొలమారిందా, ఎవరో తలుచుకుంటున్నారని ఓనరు నవ్వాడు. మా ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. ఒక్క దగ్గుకే బాగున్నట్టయితే, ఇన్ని దగ్గులకి ఇంకెంత బాగుండాలి! గ్లాసు ఎత్తి పట్టుకుని నా కొండంతా ఏకరువు పెట్టాడు. మంచు, సుద్దరాళ్లు, తొలి చినుకు, ఒక్కటి కూడా మిగల్చలేదు. ఆ తడిగుడ్డ మీద నా కొండని ఆరేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

“అయితే మూడోదే నింపేద్దాం” అన్నాడు ఓనరు.

మేడమ్ గ్లాసు వాసన చూసి, నా వైపు అనుమానంగా చూసి, ఇది మీకు నచ్చిందా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

“ఆవిడకేం తెలుసండీ, ఇంట్లో కూరలో ఉప్పే చూసుకోదు.”

అందరూ నవ్వారు. వాళ్లమ్మ అన్నప్పుడు తల వంచుకున్న మనిషి, ఈరోజు ఆ మాట తనే అన్నాడు. నోరు విప్పితే ఆయన ఉద్యోగం పోతుంది, నాకు తెలుసు. విప్పకపోతే ఆ కంపు సీసాల్లోకి వెళ్లి, పైన నా మాటలతో ఊళ్లమీద పడుతుంది. భయమేసింది. ఆయన మీద జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ జాలితోనే కదా మూడేళ్లు గడిచాయి.

“ఇది పాడైందండీ” అన్నాను. “ఈయనకి వాసన తెలియక మూడేళ్లయింది. మీ సీసా మీద అచ్చయిన మాటలు నావి. బాగుంటే దగ్గమన్నారు. ఇప్పుడొచ్చింది నిజం దగ్గు.”

మేడమ్ మళ్లీ వాసన చూసి మెల్లగా తలూపింది. ఓనరు నవ్వడం మానేశాడు. మా ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

“పద, ఇంటికెళ్దాం.”

నేను లేవలేదు.

“మీరు పదండి” అన్నాను. “నాకింకా నాలుగోది ఉంది.”