పట్టాల కింద కార్క్

మార్జ్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, రెండు టోస్టు ముక్కలు తిని పడుకుంటుంది. ఆమెకు నిద్ర పట్టగానే మొగుడు ఎమిల్ నేలమాళిగలోకి దిగి బొమ్మ రైలు నడుపుతాడు. కింద రైలు కదిలితే పైన మంచం కదిలి, నిద్రపోయే మనిషితో సహా వీధిలోకి సాగుతుంది. కొండల మధ్య రైల్వే ఊరైన ఆల్టూనాలో బొమ్మ రైలున్న ఇళ్లన్నిటా ఇంతే. ఎదురొచ్చినవాళ్లు చెత్తడబ్బా పక్కకు జరిపి మంచానికి దారిస్తారు.

మార్జ్ మంచం ఎప్పుడూ ఒక్క వైపే వెళ్లేది, కొండ దిగువన అక్క వెర్నా ఇంటికి. అక్కాచెల్లెళ్లకు ఆరేళ్లుగా మాటల్లేవు. తల్లి అంత్యక్రియల భోజనానికి వెర్నా, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండే చుట్టలు ఇంట్లో చెయ్యకుండా కొట్లో కొనుక్కొచ్చిందని మార్జ్ నలుగురిలో కడిగేసింది. తప్పు తనదేనని ఆమెకూ తెలుసు, నోరు పెగిలితేగా!

పోనీ మంచమైనా చేరుస్తుందా అంటే, కింద చెక్క మీది బొమ్మ పట్టాలు మలుపులో గడగడలాడేవి, దాంతో వీధిలో చర్చి దగ్గర మంచం కుదిపేది. మెలకువ వస్తే మంచం ఇంటికి తిరగాల్సిందే. ఇప్పుడేమో వెర్నా ఇల్లు అమ్మేసింది. శనివారం సామానుతో సహా పక్క రాష్ట్రం ఒహాయో వెళ్లిపోతోంది.

"పోతే పోనీ," అంది మార్జ్. ఆ రోజు టోస్టు ముట్టలేదు.

పట్టాల మోత తగ్గించే దారి వెతుక్కుంటూ ఎమిల్ బొమ్మ రైళ్ల కొట్టుకు పరిగెత్తాడు.

"పట్టాల కింద ఫోమ్ పరిచావంటే మీ ఆవిడ మంచం బురదలో దిగబడినట్టే," అన్నాడు కొట్టు యజమాని క్లైడ్. "సీసా బిరడాలు చేసే కార్క్ ఉందే, ఆ పట్టీలు తీసుకో. ఒక్కోటీ వంచి చూడు. విరిగిందా, పాత సరుకు, నాకే వదిలెయ్."

ఎమిల్ వంగే పట్టీలు ఏరుకొచ్చాడు. ఒక్కోదాన్నీ మధ్యకు చీల్చి, ఏటవాలు అంచు బయటికి పెట్టి పరిచాడు. గురువారం నడిపి చూస్తే అదే గడగడ. మంచం మళ్లీ చర్చి నుంచే తిరిగొచ్చింది.

"మేకులు కొట్టావా?" అన్నాడు క్లైడ్ ఫోన్లో.

"కొట్టనా మరి? చెక్కలోకి గట్టిగా దిగేదాకా కొట్టాను."

"ముప్పై ఏళ్లు రైల్వేలో చేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది! ఇది బొగ్గు బండి కాదయ్యా. మోతంతా ఆ మేకుల్లోంచే చెక్కలోకి దిగుతోంది. పీకెయ్, జిగురు చాలు."

శుక్రవారమంతా ఎమిల్ మేకులు పీకి, జిగురు రాస్తూనే ఉన్నాడు.

శనివారం రైలు పిల్లిలా నడిచింది. మంచం చర్చి మలుపు దాటి, కొండ దిగి, వెర్నా వాకిట్లో లారీ పక్కన ఆగింది. కూలీలు అదీ సామానే అనుకుని చెరో పక్కా పట్టుకున్నారు.

"వదలండర్రా! అది మా చెల్లెలు!" అని అరిచింది వెర్నా.

ఆ అరుపుకు మార్జ్ కళ్లు తెరిచింది. మంచం అప్పుడే ఇంటివైపు తిరగబోతోంది. ఇంకెప్పుడు చెబుతుంది?

"అక్కా, అమ్మ దగ్గర మూడు రాత్రులు మేలుకున్నది నువ్వు. చుట్టలు చుట్టే ఓపిక నీకెక్కడిది? నాదే తప్పు. వెళ్లకే."

వెర్నా కళ్లు తుడుచుకుంది. "జరుగు," అని మంచమెక్కి, కూలీలతో, "మా వెనకే రండి," అంది.

నేలమాళిగలో రైలు ఉన్నట్టుండి నెమ్మదించింది. చదును దారిలోనే ఇంజన్ చక్రాలు జారుతున్నాయి. ఎమిల్ కంగారుగా కార్క్ తడిమి చూశాడు, జిగురు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. మరి ఈ బరువెక్కడిది?

మంచం మీద ఇప్పుడు ఇద్దరున్నారని అర్థమయ్యాక అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కొండెక్కే బళ్లకు ఆ ఊళ్లో ఎప్పుడూ చేసేదే చేశాడు. పెట్టెలోంచి రెండో ఇంజన్ తీసి, వెనక నుంచి తోయడానికి తగిలించాడు.