పదిహేడో మడిలోని పొట్టి బార్లీ

చుట్టుపక్కల మళ్ళలో బార్లీ నడుమెత్తు పెరిగి గాలికి ఊగుతుంటే, పదిహేడో మడిలోది మోకాలిని కూడా అందుకోలేక ముదురాకుపచ్చగా నేలను కరుచుకుని ఉండేది. రాకెల్ మూడేళ్ళుగా దాని వెంటే ఉంది. స్కోనె ప్రాంతంలోని ఆ విత్తన కేంద్రంలో, శీతల గది మూల పడి ఉన్న ఒక పాత పొట్లంలోంచి తీసి తనే నాటింది. డెబ్బై ఏళ్ళ కిందట కొత్త రకాలు పుట్టించాలని ఎవరో గింజల మీద ఎక్స్‌రే కిరణాలు పంపి, పుట్టిన వింత మొక్కల విత్తనాలన్నీ పొట్లాలు కట్టి దాచారు. ఇది వాటిలో ఒకటి.

"ఈ ఏడాదే ఆఖరు. ఇది దేనికి పనికొస్తుందో చూపించు. లేదంటే ఆ మడి ఓట్స్‌కి ఇచ్చేస్తాను," అని డైరెక్టర్ యోర్డిస్ ఏప్రిల్లోనే తేల్చి చెప్పింది.

మొక్క కాండాన్ని పొడవు సాగదీసేది గిబ్బరెలిన్ అనే హార్మోన్. ఈ పొట్టి బార్లీకి అది తయారు చేసుకోవడం చేతకావడం లేదని రాకెల్ నమ్మకం. అందుకే ప్రతి సోమవారం ఆ హార్మోన్ కలిపిన నీళ్ళు పిచికారీ చేసేది.

"పిల్లకి పాలు పట్టడం అయిందా?" అని గట్టు మీంచి అడిగేవాడు హెన్నింగ్. ముప్పైనాలుగేళ్ళుగా ఆ పొలాల పని చూస్తున్నది ఆయనే.

"అయింది."

"ఏమైనా ఎదిగిందా?"

స్కేలు పట్టి చూస్తే ఎక్కడిది అక్కడే. రాకెల్ ఆ అంకె పుస్తకంలో రాసుకునేది.

జూలైలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ కొట్టం గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. యాలకుల బన్ను తుంచుతూ హెన్నింగ్ అన్నాడు:

"మా బావమరిది రూనె లేడూ, బల్లనిండా వడ్డించి ఇంటిల్లిపాదీ పిలిచినా షెడ్డులోంచి కదలడు. వాడికి వంట నచ్చలేదేమోనని మా ఆవిడ ఇంకో రెండు రకాలు చేస్తుంది. గిన్నెల మీద గిన్నెలు పేరుకుపోతాయి. వాడికి తక్కువైంది తిండి కాదు అమ్మాయ్, పిలుపు వాడి చెవికెక్కదు."

రాకెల్ చేతిలోని కప్పు కింద పెట్టింది. "మళ్ళీ చెప్పు."

"రూనె సంగతా? వాడి గురించి ఒకసారి చెప్పడమే ఎక్కువ."

ఆమె అప్పటికే కత్తెర కోసం లేచింది. ఆ సాయంత్రమే పిచికారీ చెయ్యని వరసలోంచి పొట్టిదాని ఆకులు, కిరణాలు తగలని దాని పొడుగు తోబుట్టువు ఆకులు కోసి పరీక్షకు పంపింది.

మూడు వారాలకు ఫలితాలు వచ్చాయి. రాకెల్ నిలబడే చదివింది. పొట్టిదానిలో హార్మోన్ తక్కువ కాదు, పొడుగుదానికి పన్నెండు రెట్లుంది. దాన్ని తయారుచేసే జన్యువులు రాత్రింబవళ్ళు పని చేస్తున్నాయి. ఆ హార్మోన్ తగలగానే మేలుకుని కాండాన్ని సాగదీయాల్సిన జన్యువులేమో మొద్దునిద్రలో ఉన్నాయి. హార్మోన్‌ని అందుకునే ప్రోటీన్ ఒకటుంటుంది. దాని జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో పట్టు సడలింది. ఎంత పోసినా మొక్కకి అందినట్టే లేదు.

కారణం దొరికింది, బాగానే ఉంది. కానీ యోర్డిస్ అడిగింది కారణం కాదు.

అంతలో కోతల ముందు వాన పట్టుకుంది. తొమ్మిది రోజులు తెరిపి లేదు. పొడుగు బార్లీ అంతా పడిపోయింది, తడిసిన కంకుల్లోనే గింజలు మొలకెత్తడం మొదలైంది. అలా మొలకెత్తిన గింజ పశువుల దాణాకి తప్ప పనికిరాదు. పదో రోజు పొద్దున్న ముసురులోనే అలాంటి కంకినొకదాన్ని వేళ్ళతో నలుపుతూ రాకెల్ చటుక్కున ఆగిపోయింది. గింజలోని పిండిని కరిగించి చక్కెరగా మార్చమని చెప్పేది కూడా ఆ హార్మోనే. పిలుపు కాండానికి అందకపోతే గింజకి మాత్రం ఎలా అందుతుంది?

బురదలో పరుగెత్తింది. వెనకే హెన్నింగ్ కూడా వచ్చాడు. ఇద్దరూ పదిహేడో మడిలో మోకాళ్ళ మీద కూర్చుని కంకి తర్వాత కంకి నలిపి చూశారు. గింజలు తడిసి ఉన్నాయి కానీ గట్టిగా, నోరు విప్పకుండా ఉన్నాయి.

"నాకొక్క మొలకా కనబడలేదు. నీకు?" అన్నాడు హెన్నింగ్.

రాకెల్‌కి నవ్వు ఆగడం లేదు. తల అడ్డంగా ఊపింది.

కబురు అందుకుని గొడుగుతో వచ్చిన యోర్డిస్ గొడుగు పక్కన పడేసి తనూ కూర్చుని వెతికింది. "మరి విత్తితే మొలవదా?"

"మొలుస్తుంది. రెండు మూడు రోజులు బద్ధకిస్తుంది, అంతే."

"దిగుబడి?"

"తక్కువే. మంచి రకాలతో సంకరం చెయ్యాలి."

"ఎన్ని మళ్ళు కావాలి?"

"ఇరవై."

"పన్నెండు."

"పదహారు," అన్నాడు హెన్నింగ్. "దున్నేది నేను."

యోర్డిస్ ఇద్దరి బురద మొహాల వంకా చూసి నవ్వేసింది. "సరే, పదహారు. ముందు ఇది ఇంటికి చేర్చండి."

ముగ్గురూ వానలోనే కొడవళ్ళు పట్టారు. కోసిన కట్టలు అద్దాల గదిలో వరసగా ఆరగట్టేసరికి మధ్యాహ్నమైంది. హెన్నింగ్ బూట్లు విప్పి నీళ్ళు ఒంపుతూ పాట అందుకున్నాడు. శ్రుతి ఎటో పోయింది. రాకెల్ కూడా గొంతు కలిపింది.