రోడ్డు చూడని స్టెప్నీ

నేను ఒక స్టెప్నీని. అంటే కారుకి ఐదో టైరుని. నలుగురు కింద పరిగెడుతుంటే డిక్కీలో వెల్లకిలా పడుకుని, వాళ్ళలో ఎవరికైనా ఒక మేకు గుచ్చుకుంటే బాగుండునని ఎదురుచూసే జాతి మాది. ఈ మాట పైకి అనడం మర్యాద కాదని తెలుసు. కానీ సొంత కథ చెప్పుకునేటప్పుడు కూడా దాచుకుంటే ఇక చెప్పడం దేనికి? మనుషులు తమ కథలు ఎలా చెప్పుకుంటారో పదేళ్ళపాటు విన్నాను. అది విన్నాక నాకు నిజం మీద కొంచెం మోజు పెరిగింది.

నేను పుట్టింది చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో. కేరళ కొండల్లో చెట్లకు గాట్లు పెట్టి తీసిన రబ్బరు పాలు, మసిలాంటి నల్లటి పొడి, సన్నటి ఉక్కు తీగలు, కాస్త గంధకం, అన్నీ కలిపి పిసికి అచ్చులో పెట్టి ఉడికించారు. బయటికి వచ్చేసరికి నా పక్క భాగం మీద నాలుగంకెలు పడి ఉన్నాయి. 3714. పద్నాలుగో సంవత్సరం, ముప్ఫై ఏడో వారం అని దాని అర్థం. మనుషులకు జాతకం రాయాలంటే పెద్ద తతంగం కావాలి, మాకు నాలుగంకెలతో సరి. కాకపోతే వాటిని చదివేవాడే ఉండడు.

అదే వారం పుట్టిన నా నలుగురు అన్నదమ్ములతో కలిపి నన్నొక ఎర్ర కారుకి ఇచ్చారు. రెండే సీట్లు. బటన్ నొక్కితే టాప్ దానంతట అదే మడత పడి వెనక్కి, అంటే సరిగ్గా నా నెత్తి మీదకి, వచ్చి కూర్చునేది. విశాఖపట్నంలో కలప అడితి నడిపే కర్రి మార్కండేయులుగారు యాభై ఏళ్ళు నిండిన ఏడాది ముచ్చటపడి కొనుక్కున్న కారు అది. పూజ రోజున నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. నాకు పెట్టలేదు. ఎక్కడ పెడతారు, డిక్కీలోనా? పంతులుగారు నా వైపు చూడనైనా చూడలేదు.

మార్కండేయులుగారి భార్య హైమావతిగారు ప్రభుత్వాసుపత్రిలో పాతికేళ్ళు నర్సుగా పనిచేసి, ఆఖరికి హెడ్ నర్సుగా బయటికి వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడుతుంది. కారు కొన్న కొత్తలో ఆదివారం పొద్దున్నే ఇద్దరూ భీమిలి దాకా వెళ్ళేవాళ్ళు. ఆవిడ చీర కొంగు తలచుట్టూ బిగించి కట్టుకుని, గాలికి కళ్ళు చికిలించుకుని కూర్చునేది. ఆయన అడితిలో కూలీల దగ్గర నుంచి ఇంట్లో కుళాయి దాకా నోరాపకుండా చెప్పుకుపోయేవాడు. టాప్ తీసేసి ఉంటే డిక్కీలో ఉన్నవాడికి అన్నీ వినిపిస్తాయి. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ సంతోషంగా ఉండేవాళ్ళని నేను సాక్ష్యం చెప్పగలను.

కారు కొన్న ఎనిమిదో ఏట, శ్రావణ మాసంలో, అరకు వెళ్ళి వస్తున్నారు. ఘాట్ రోడ్డు దిగుతుండగా సన్నగా తుంపర మొదలైంది. ఒక జీపులో కుర్రాళ్ళు మమ్మల్ని దాటిపోతూ, తలచుట్టూ కొంగు కట్టుకున్న హైమావతిగారిని చూసి ఏదో అని పకపకా నవ్వారు. ఆయనకి పౌరుషం వచ్చింది.

"వద్దండీ, పోనివ్వండి వాళ్ళని. టాప్ వేసి నెమ్మదిగా వెళ్దాం," అందావిడ. ఒకసారి కాదు, మూడుసార్లు.

ఆయన వినలేదు. మలుపులో జీపును దాటబోయాడు. కారు జారి, బొంగరంలా ఒక చుట్టు తిరిగి, వెనక భాగం పిట్టగోడకి ఆనుకుని ఆగింది. డిక్కీ వెనక ఉంటుంది కాబట్టి లోయకి అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తర్వాత మార్కండేయులుగారు చేసిన మొదటి పని కిందికి దిగి ముందు టైరును కాలితో తన్నడం.

"దొంగ టైర్లు. సమయానికి మోసం చేశాయి," అన్నాడు.

హైమావతిగారు ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. సీట్లోంచి సంచీ తీసుకుని రోడ్డు మీదకి నడిచి, వెనకాల వస్తున్న ఆర్టీసీ బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కేసింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ ఆ కారెక్కలేదు.

ఆ రెండేళ్ళలో మార్కండేయులుగారు ఆ కథను పెళ్ళిళ్ళలో చెప్పాడు, అడితిలో చెప్పాడు, మంగలి షాపులో కూడా చెప్పాడు. చెప్పేకొద్దీ కథ బాగుపడింది. మొదట్లో కారు అరవై మీద ఉండేది, తర్వాత యాభైకి దిగింది, ఈ మధ్య నలభై దగ్గర స్థిరపడింది. తుంపర కుంభవృష్టి అయింది. జీపు మొదటి నెలలోనే కథలోంచి మాయమైపోయింది. ఎటొచ్చీ మారనిది టైర్లు చేసిన ద్రోహం ఒక్కటే. నా అన్నదమ్ములు కిందుండి వింటూనే ఉన్నారు. నోరు లేనివాళ్ళ మీదకి నెట్టేయడంలో మనుషులకి ఉన్న నేర్పు ఇంతా అంతా కాదు.

ఆవిడకి భయం పట్టుకుందని ఆయన నమ్మకం. పాతికేళ్ళు ఆపరేషన్ థియేటర్‌లో నిలబడ్డ మనిషికి భయమా అని ఒక్కసారైనా అనుకోలేదు. పక్కన మనిషి లేకుండా రెండు సీట్ల కారు నడపడం, పెళ్ళికొడుకు ఒక్కడే ఊరేగినట్టు ఉంటుంది. ఆయనకి దిగులు పట్టుకుంది. ఎర్రటి కారులో పక్క సీటు ఖాళీ పెట్టుకుని అడితికి వెళ్ళి వచ్చేవాడు, ఒక్క మాటా లేకుండా. నాకు జాలేసింది. కోపం కూడా ఉండేది, కానీ జాలే ఎక్కువ. కొత్త టైర్లు వేయిస్తే ఆవిడ మళ్ళీ ఎక్కుతుందని ఆఖరికి ఆయనకి తోచింది.

అక్కయ్యపాలెంలో జిలానీ అని ఒక టైర్ల షాపతను. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. మార్కండేయులుగారు షాపు ముందు కారాపి అందరూ అడిగే మాటే అడిగాడు.

"ఎన్ని కిలోమీటర్లు వస్తాయి జిలానీ? బాగా ఎక్కువ వచ్చే రకం చూపించు."

"బండి ఏడాదికి ఎంత తిరుగుద్ది సార్?"

"ఎంత, ఒక రెండు వేలు."

"అరవై వేలు వచ్చే టైరు వేశాననుకోండి. అరగడానికి ముప్ఫై ఏళ్ళు కావాల. ఈలోగా రబ్బరు ఎండిపోద్ది. ముప్ఫై ఏళ్ళు బతికే టైరు నేనెక్కడా చూళ్ళేదు."

మార్కండేయులుగారు తల గోక్కున్నాడు. అప్పుడు ఆయనకి నేను గుర్తొచ్చాను. "పోనీ, మూడు కొత్తవి వెయ్యి. నాలుగోది డిక్కీలో ఉంది చూడు, ఒక్క రోజూ వాడలేదు. పెళ్ళికూతురిలా ఉంటాది."

పదేళ్ళ నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. జిలానీ నన్ను ఎత్తి వెలుగులో పెట్టాడు. నా గాడులు ఒక్క నూలుపోగంత కూడా అరగలేదు. అచ్చులోంచి వచ్చినప్పటి సన్నటి రబ్బరు ముళ్ళు ఇంకా ఒంటి మీద ఉన్నాయి. రోడ్డు ఎలా ఉంటుందో, వేడిగా ఉంటుందో గరుగ్గా ఉంటుందో ఇవాళ తెలుస్తుంది కదా అనుకున్నాను.

జిలానీ గాడులవైపు చూడలేదు. ముందు ఆ నాలుగంకెలు చదివాడు. తర్వాత నన్ను కొంచెం వంచి, పక్క భాగం మీద గోరుతో గీశాడు. గీసిన చోటల్లా సన్నటి పగుళ్ళు నోరు తెరిచాయి.

"వాడకపోయినా వయసు ఆగదు సార్. దీన్ని వేసుకుని హైవే ఎక్కితే మధ్యలో పేలిపోద్ది. కారు కింద ఉన్నవి కూడా దీని ఈడువే. ఐదూ తీసేయాల."

నన్ను గోడకి ఆనించి పెట్టాడు. ఏడవడం మాకు చేతకాదు. చేతనైతే ఏడ్చేవాణ్ణే. అరిగిపోయి పోతే ఒక తృప్తి. నేనేమో ఒక్క అడుగూ వేయకుండానే ముసలైపోయాను.

మార్కండేయులుగారు ఇంకో పట్టు పట్టాడు. టైర్లు హైమావతిగారే ఎంచాలి. ఆవిడ చేత్తో ఎంచినవైతే ఆవిడకే నమ్మకం కుదురుతుందని ఆయన లెక్క. మరుసటి రోజు సాయంత్రం మళ్ళీ వచ్చారు. ముందు ఎర్రకారులో ఆయన, వెనక ఆటోలో ఆవిడ. ఒకే ఇంటి నుంచి బయల్దేరి, ఒకే చోట దిగారు. షాపులో పనివాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు.

జిలానీ రెండు టైర్లు పక్కపక్కన నిలబెట్టాడు. "ఇది గట్టి రబ్బరమ్మా, చాలాకాలం అరగదు. ఇది మెత్తది. తొందరగా అరుగుద్ది గానీ తడి రోడ్డును బాగా పట్టుకుంటాది. తక్కువ తిరిగే బండికి ఇదే మేలు."

ఆవిడ బొటనవేలితో రెంటినీ నొక్కి చూసింది, రోగి చెయ్యి పట్టుకుని నాడి చూసినట్టు. తర్వాత అడిగింది.

"ఒక్క మాట చెప్పు బాబూ. అరకు మలుపులో, వానలో, ఎనభై మీద వెళ్తుంటే, ఈ మెత్త టైరు ఉంటే కారు జారేది కాదా?"

జిలానీ మార్కండేయులుగారి వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. అమ్ముకునేవాడికి అది చిక్కు ప్రశ్నే. "కొంచెం తేడా ఉంటాదమ్మా. కానీ ఎనభై అంటే... ఆ మలుపులో ఏ టైరైనా జారుద్ది."

"ఎనభై ఎక్కడుందీ," అన్నాడు మార్కండేయులుగారు, గాలి మీటర్ చేతిలోకి తీసుకుని దాన్ని తిప్పి తిప్పి చూస్తూ. "నలభై ఉంటాది."

హైమావతిగారు బొటనవేలికి అంటిన నలుపు కొంగుతో తుడుచుకుంది. "ఆ మెత్తవే వెయ్యి బాబూ," అని చెప్పి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఆయన కొత్త టైర్లు వేయించుకుని ఒక్కడే వెళ్ళాడు. కారు కొత్తగా మెరుస్తోంది, ఆయన మొహం మాత్రం వేలాడిపోయింది. టైర్లు మారిస్తే సరిపోయే సంగతి కాదని గోడకి ఆనుకున్న నాకు తెలిసింది. ఆయనకీ తెలిసే ఉంటుంది. తెలిసినా ఆ మాట నోటికి రాలేదు.

నా అన్నదమ్ములు తుక్కులోకి పోయారు. నన్ను మాత్రం మరపడవ ఉన్న మైలపిల్లి దానయ్య పట్టుకుపోయాడు. షాపు గుమ్మం నుంచి ఆటో ట్రాలీ దాకా చేత్తో దొర్లించుకుంటూ తీసుకెళ్ళాడు. ఇరవై అడుగులు ఉంటుందేమో. రోడ్డు వేడిగానే ఉంది.

ఇప్పుడు నేను ఫిషింగ్ హార్బర్‌లో దానయ్య పడవ పక్కన తాడుకి వేలాడుతున్నాను. పడవ గట్టుకి తగలబోతే మధ్యలో ఆ దెబ్బ నేను తింటాను. ఈ ఉద్యోగం నాకు నచ్చింది. ఇక్కడ వయసు అడిగేవాడు లేడు.

మొన్న ఆదివారం పొద్దున్నే మార్కండేయులుగారు చేపలకి వచ్చాడు, ఎర్రకారులో. ఆయన వెనకే ఆటోలో హైమావతిగారు. ఆవిడ ఆటోను ఆగమని చెప్పి, గట్టు మీద పోసిన చందువాలు ఏరుకుంటోంది. దానయ్య ఆయన్ని గుర్తుపట్టి, నన్ను చూపించి నవ్వాడు.

"బాబూ, ఇది తమ కారుదేనంట కదా, జిలానీ సెప్పినాడు. అరకు రోడ్డులో తమరిని మోసం సేసినాది ఇదేనేటి?"

మార్కండేయులుగారు నా వైపు చూశాడు. నేను నీళ్ళు కారుతూ, ఒంటినిండా నాచు పట్టి ఉన్నాను. అలవాటుగా నోరు తెరిచాడు. పాత కథ నాలిక చివరిదాకా వచ్చింది, నాకు కనిపించింది. హైమావతిగారు రెండడుగుల దూరంలో వంగి చేపల మొప్పలు ఎత్తి చూస్తోంది. వంగిన మనిషి వంగినట్టే ఉంది.

"కాదు దానయ్యా," అన్నాడాయన. "టైర్ల తప్పేం లేదు. ఎనభై మీద పోనిచ్చాను. జీపులో కుర్రాళ్ళు నవ్వారని రోషం వచ్చింది. ఆవిడ వద్దు వద్దంటానే ఉంది, నేనే వినలేదు. ఇద్దరం పోయేవాళ్ళం ఆ రోజు."

దానయ్య నన్ను కట్టిన తాడు సర్దుకున్నాడు.

హైమావతిగారు చేపలు తూకం వేయించుకుంది. సంచీ పట్టుకుని గట్టు దాటి వచ్చింది. ఆటో అతను ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆవిడ అతని పక్కనుంచే నడిచి వెళ్ళి, ఎర్రకారు తలుపు తీసి, చేపల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. కొంగు తీసి తలచుట్టూ కట్టుకుంది.

మార్కండేయులుగారు పరుగులాంటి నడకతో వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కారు ఎంత నెమ్మదిగా కదిలిందంటే, చేపల బుట్ట మోసుకుపోతున్న ఒకామె దాన్ని దాటుకుని ముందుకెళ్ళింది. ఆటో అతను కాసేపు అలాగే చూసి, తల గోక్కుని, ఖాళీ బండితో వాళ్ళ వెనకే బయల్దేరాడు.